బ్రాడ్‌బెంటా, స్పాలా: క్యారెక్టర్ ఆర్టిస్టుకు ఏ దారి మేలు?

బ్రిటిష్ నటులు జిమ్ బ్రాడ్‌బెంట్, టిమోతీ స్పాల్. పేర్లు వినని వాళ్లయినా హ్యారీ పోటర్ సినిమాలు చూసుంటే ఇద్దరినీ చూసినట్టే. పేరు తెచ్చే పిల్లల్ని ఏరి చేరదీసే స్లగ్‌హార్న్ మాస్టారు బ్రాడ్‌బెంట్. ఎలుకగా మారి దాక్కునే పీటర్ పెటిగ్రూ స్పాల్. కానీ ఇద్దరి అసలు సత్తా తెలియాలంటే మైక్ లీ సినిమాలు చూడాలి. రాసిపెట్టిన స్క్రిప్టు లేకుండా, నెలల తరబడి నటులతో కలిసి పాత్రల్ని అల్లుకునే దర్శకుడాయన. ఆ ఒక్క చేతి కిందే పనిచేసినా వీళ్లు చెరో దారి పట్టారు.

బ్రాడ్‌బెంట్‌ది తేలిగ్గా మారిపోయే దారి. 2001లో వచ్చిన సినిమాలే చూడండి. ‘మూలాన్ రూజ్’లో ఎర్రమీసాలతో చిందులేసే నాట్యశాల యజమాని. బ్రిడ్జెట్ జోన్స్ సినిమాలో భార్య వదిలి వెళ్తే దిక్కుతోచని తండ్రి. ‘ఐరిస్’లో రచయిత్రి ఐరిస్ మర్డాక్ భర్త జాన్ బేలీ. మొదటిదానికి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా, చివరిదానికి ఆస్కార్ వచ్చాయి. అల్జీమర్స్‌తో భార్యకు మాటలు ఒక్కొక్కటే జారిపోతుంటే, ఆ నత్తి మనిషి ఓపిగ్గా పక్కనే ఉంటాడు. ఒక రాత్రి ఆ ఓపిక తెగి ఆమె మీద అరిచేస్తాడు. ఆ అరుపులో నాకు వినిపించింది కోపం కాదు, భయం.

ఈ దారిలో పనికి కొరత ఉండదు. ఒకప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్ భర్త, ప్యాడింగ్టన్ ఎలుగుబంటికి స్నేహితుడైన పాతవస్తువుల కొట్టు పెద్దాయన, ఏదైనా ఇమిడిపోతుంది. కొరత వేరేచోట ఉంది. ఆయన ముఖంలోని మంచితనం కోసమే పిలిచి, రెండు మూడు సీన్లతో పంపేసిన సినిమాలు తక్కువేమీ కాదు.

స్పాల్‌ది పాత్రలో మునిగిపోయే దారి. 1996లో వచ్చిన మైక్ లీ సినిమా ‘సీక్రెట్స్ అండ్ లైస్’లో ఆయన మారిస్ అనే ఫోటోగ్రాఫర్. స్టూడియోకి వచ్చిన ప్రతివాళ్లనీ ఎలాగోలా నవ్వించి ఫోటో తీస్తాడు, ఇంట్లో మాత్రం ఎవర్నీ నవ్వించలేడు. మేనకోడలి పుట్టినరోజు నాడు ఇంట్లో దాచినవన్నీ బయటపడ్డాక, అందరి బాధనీ సర్దుతూ వచ్చిన ఆ భారీ మనిషి బద్దలవుతాడు. సినిమా అంతా దాచుకున్న బరువు కాబట్టే ఆ ఒక్క సీనుకి అంత బలం. ఆ సినిమాకి కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ డోర్ వచ్చిన సమయంలో స్పాల్ అక్కడ లేరు. లుకేమియా బయటపడి ఆసుపత్రిలో ఉన్నారు.

కోలుకుని వచ్చి ఉరితీసే పియర్‌పాయింట్‌గా, చర్చిల్‌గా వేశారు. తర్వాత మళ్లీ మైక్ లీతో ‘మిస్టర్ టర్నర్’. చిత్రకారుడి పాత్ర కోసం సుమారు రెండేళ్లు రంగులు కలపడం, బొమ్మ గీయడం నేర్చుకున్నారు. తెరమీద చూస్తే ఆ మనిషి సగం సంభాషణ గురగురలే. 2014లో కాన్‌లో ఉత్తమ నటుడు ఆయనే. ఆస్కార్ నామినేషన్ కూడా రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బతుకుతెరువు లెక్కన చూస్తే బ్రాడ్‌బెంట్ దారే మేలు. నటన నేర్చుకుంటున్న పిల్లలు అడిగితే అదే చెబుతాను, ఒక్క ఏడాదిలో ముగ్గురు మనుషులుగా మారడం అందరూ అభ్యసించదగ్గ విద్య. కానీ మనసుకి దగ్గరైంది ఎవరంటే స్పాలే. కథ మధ్యలో నిలబెట్టినా ఆయన హీరో అయిపోరు. క్యారెక్టర్ ఆర్టిస్టుగానే ఉండి సినిమా మొత్తాన్ని మోస్తారు.

బ్రాడ్‌బెంట్ ముఖ్యపాత్రలు వెయ్యలేదని కాదు. 1999లో మైక్ లీ సినిమా ‘టాప్సీ టర్వీ’లో నాటకకర్త గిల్బర్ట్‌గా వేసి వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యారు. అందులో స్పాల్ రిచర్డ్ టెంపుల్ అనే గాయకనటుడు. ఆయన పాటను గిల్బర్ట్ చివరి నిమిషంలో కత్తిరిస్తాడు. టెంపుల్ ఎదురు చెప్పడు, అవమానం ముఖంలో కనిపించకుండా చూసుకోబోతాడు, కనిపించిపోతుంది. కోరస్ వాళ్లంతా కలిసి వెళ్లి పాట ఉంచమని అడిగితే, ఆ ముక్కుసూటి గిల్బర్ట్ కాసేపు తటపటాయించి, సరేనంటాడు.