డీటీపీ లాప్‌టాప్‌లో క్రూషియల్ ఎంఎక్స్500 ఎస్‌ఎస్‌డీ: ఏడాదిన్నర వాడాక

జనగామలో మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు... పద్నాలుగేళ్ళుగా ఇదే నా బతుకుతెరువు. పని ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతోనే నడుస్తుంది. లాప్‌టాప్ 2018లో కొన్నది: 15 అంగుళాల తెర, ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. కొత్తలో బాగానే ఉండేది. విండోస్ అప్‌డేట్లు వచ్చినకొద్దీ నెమ్మదించింది. 2023 వచ్చేసరికి పొద్దున స్విచ్ వేసి, వాకిలి ఊడ్చి, దేవుడికి దీపం పెట్టి వచ్చినా ఇంకా డిస్క్ లైటు కొట్టుకుంటూనే ఉండేది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ 10 శాతం దగ్గర ఖాళీగా ఉండేది, డిస్క్ మాత్రం 100 శాతం. ముహూర్తం కాగితం పట్టుకుని పెళ్ళివాళ్ళు ఎదురుగా కూర్చుంటే, ఫాంట్ల జాబితా విప్పుకునేదాకా వాళ్ళూ నేనూ తెర వంక చూస్తూ ఉండాల్సిందే.

అందరూ లాప్‌టాప్ మార్చమన్నారు. 45 వేలు ఎక్కడి నుంచి తేవాలి? అదీగాక ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు లోపం దానిది కాదని నాకు తెలుస్తూనే ఉంది. హార్డ్ డిస్క్‌లో పళ్ళెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90. కావలసిన ముక్క చదివే ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాలి, అది దొరికాక ఇంకో ముక్క కోసం ముల్లు ఇంకో చోటికి జరగాలి. ఒకే పెద్ద సినిమా ఫైలైతే వరసగా చదువుకుంటూ పోతుంది. మా పని అట్లా కాదు. నా దగ్గర వందల ఫాంట్లు, వేల క్లిప్‌ఆర్ట్ ముక్కలు ఉన్నాయి: గణపతులు, కలశాలు, అరటిచెట్లు, సన్నాయి మేళాలు. అన్నీ చిన్న ఫైళ్ళే, అన్నీ తలా ఒక చోట. ఒక్కోదానికీ ముల్లు ప్రయాణం చెయ్యాలి. హార్డ్ డిస్క్ బదులు వేసుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, చిప్పుల్లోంచి నేరుగా తీస్తుంది. మాలాంటి వాళ్ళకు తేడా తెలిసేది అక్కడే. డబ్బా మీద వేసిన వేగం అంకెలు ఆ తర్వాతి మాట.

ఆ ఏప్రిల్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూశాను. డిస్క్ ఆరోగ్యం దగ్గర నీలం రంగు ఉండాలి. నాకు పసుపు రంగులో ‘కాషన్’ అని వచ్చింది. చెడిపోయిన సెక్టార్ల, అంటే డిస్క్ మీది చిన్న గళ్ళ, లెక్క సున్నా దాటింది. మేలో ముహూర్తాలు. ఇన్నేళ్ళ పని ఆ పళ్ళెం మీదే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే దగ్గరలోని ఒక దుకాణానికి పరుగెత్తాను. పేరు చెప్పను. మోడల్ ఏంటని కూడా అడగకుండా, “అక్కా, ఇది వెయ్యి, రాకెట్ లెక్క ఉరుకుతది” అని ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చేతిలో పెట్టాడు. చూయింగ్ గమ్ పట్టీ అంత సన్నగా ఉంటుంది. ఇంటికొచ్చి మా మరిది కొడుకుతో లాప్‌టాప్ విప్పించాను. దానికి సరిపడే ఎం.2 స్లాట్ కనపడింది, పట్టీ చక్కగా అందులో కూర్చుంది, మర కూడా బిగిసింది. కానీ లాప్‌టాప్ మొదలవగానే లోపలి సామానును గుర్తించే బయాస్‌లో దాని పేరు లేదు. తీసి పెట్టాం, మళ్ళీ తీసి పెట్టాం. లేదు. వెనక్కి తీసుకుపోతే, “సీల్ తీసినంక వాపస్ ఉండదక్కా” అన్నాడు. ఆ మాటకు నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది. మోడల్ నంబర్ ఒక్కటి అడిగి ఉంటే ఆ రోజూ ఆ డబ్బూ మిగిలేవి.

సంగతి ఏమిటంటే, ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉంటే 2280 అంటారు. ఆ ఆకారంలోనే హార్డ్ డిస్క్‌లు వాడే సాటా రకమూ వస్తుంది, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకమూ వస్తుంది. రెండూ మాట్లాడే భాష వేరు. ఎన్‌వీఎంఈ పట్టీ అంచున మామూలుగా ఒక గాటు ఉంటుంది, సాటా పట్టీకి రెండు గాట్లుంటాయి. 2017, 18 నాటి లాప్‌టాప్‌లు కొన్నిటిలో స్లాట్‌కు సాటా తీగ మాత్రమే వేసి వదిలేశారు. నాదీ అదే. కొనేముందు కంపెనీ వెబ్‌సైట్లో మీ లాప్‌టాప్ అడుగున ఉన్న నంబర్ కొట్టి సర్వీస్ మాన్యువల్ దించుకోండి. స్టోరేజ్ అన్న పేజీలో ఏ స్లాట్ ఏది తీసుకుంటుందో రాసి ఉంటుంది. ఆ ఒక్క పేజీ ముందే చదివి ఉండాల్సింది నేను.

రెండోసారి మాన్యువల్ పేజీ ఫోన్లో పెట్టుకుని సికింద్రాబాద్ రైలెక్కాను. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరం సీటీసీ అంటాం. వరండాల నిండా డబ్బాలు, మెట్ల మీద కేబుళ్ళ బేరాలు, ఒక్కో అంతస్తులో ఒక్కో రకం సామాను. పై అంతస్తులో ఒక చిన్న కొట్టు. అక్కడి అబ్బాయి వస్తువు చూపించే ముందు నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు: లాప్‌టాప్ మోడలేంది, దాంట్లో ఏం పని చేస్తరు, ఇప్పుడు ఎంత జాగా నిండింది. మాన్యువల్ పేజీ చూపిస్తే, “మేడం, మీ స్లాట్ సాటానే తీసుకుంటది. ఎం.2లో సాటా వేస్తే పాత హార్డ్ డిస్క్ లోపల్నే ఉంచుకోవచ్చు. గానీ మీది పసుపు చూపిస్తుందంటున్నరు కదా, దాన్ని లోపల ఉంచి ఏం లాభం? దాని జాగాలనే రెండున్నర అంగుళాలది వెయ్యండి” అన్నాడు. కొనిపించాలన్న తొందర ఆ అబ్బాయిలో లేదు. ఎవరైనా అడిగితే ఆ కొట్టుకే పంపిస్తున్నాను.

అక్కడ తీసుకున్నదే ఈ క్రూషియల్ ఎంఎక్స్500, 500 జీబీ. బిల్లుతో కలిపి 3,900 అయింది. చదవడం సెకనుకు 560 ఎంబీ, రాయడం 510 ఎంబీ అని కంపెనీ చెబుతుంది. సాటా తీగలోంచి అంతకంటే పెద్దగా రాదు, ఏ కంపెనీదైనా అంతే. ఎన్‌వీఎంఈలో 3,500, ఇంకా పైన కూడా వస్తుంది కదా అని మనసు లాగుతుంది. నా పనికి ఆ తేడా కంటికి ఆనదు. 40 జీబీ వీడియోలు రోజూ అటూ ఇటూ మార్చేవాళ్ళకు ఆనుతుంది.

అదే కంపెనీలో బీఎక్స్500 ఇంకా చవగ్గా దొరికేది. అది వద్దనుకోవడానికి కారణం డీర్యామ్. ఎస్‌ఎస్‌డీలో ఏ ముక్క ఏ చిప్పులో ఉందో చెప్పే విషయసూచిక ఒకటి ఉంటుంది. ఎంఎక్స్500లో ఆ సూచిక పెట్టుకోవడానికి విడిగా డీర్యామ్ చిప్పు ఉంది, బీఎక్స్500లో లేదు. డ్రైవ్ నిండినకొద్దీ, చిన్న ఫైళ్ళు ఎక్కువైనకొద్దీ ఆ చిప్పు విలువ తెలుస్తుంది. వారంటీ కూడా దీనికి 5 ఏళ్ళు, దానికి 3. 500 జీబీ దానికి రాత హామీ, అంటే మొత్తం ఎంత రాసుకోవచ్చని కంపెనీ ఇచ్చే మాట, 180 టీబీ, అంటే అయిదేళ్ళ పాటు రోజుకు దాదాపు 98 జీబీ రాసుకోవచ్చు. శుభలేఖలు కొట్టేవాళ్ళం అంత ఎక్కడ రాస్తాం!

డబ్బాలో కేబుల్ రాదు. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ విడిగా కొనుక్కోవాలి. ఇది లేకపోతే ఇంటికొచ్చాక పని అక్కడే ఆగిపోతుంది, మరిచిపోకండి. పాత డిస్క్ పెట్టుకోవడానికి యూఎస్‌బీ కేసు కూడా అప్పుడే తీసుకున్నాను.

కొత్తగా విండోస్ వేసుకోవడమే శుభ్రం అని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను, కనీసం డీటీపీ వాళ్ళకు. 2001 నాటి పేజ్‌మేకర్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, ఫాంట్లన్నీ ఎక్కించి, ప్రింటర్ సెట్టింగులు, మార్జిన్లు పాతవాటిలాగా కుదుర్చుకునేసరికి వారం పోతుంది. అందుకే క్లోన్ చేశాను, అంటే పాత డిస్క్‌ను విండోస్‌తో సహా ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేశాను. క్రూషియల్ వాళ్ళు తమ డ్రైవ్ కొన్నవాళ్ళకు ఆ పని చేసే అక్రోనిస్ ట్రూ ఇమేజ్ ఉచితంగా ఇచ్చేవాళ్ళు. ముందు ముఖ్యమైన ఫైళ్ళను వేరే చోట కాపీ చేసుకున్నాను, ఎందుకంటే చెడిపోతున్న డిస్క్ క్లోనింగ్ మధ్యలోనే చతికిలపడొచ్చు. పాత సినిమాలు, అక్కర్లేని స్కానింగులు తీసేసి డేటాను 210 జీబీకి దించాను. 500 జీబీ డ్రైవ్ విండోస్‌లో 465గానే కనపడుతుంది, అందులో ఇరుక్కోకుండా పట్టాలి, పైన కొంత ఖాళీ కూడా ఉండాలి. డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉన్నవాళ్ళు ముందే దాన్ని ఆపేసుకోవాలి.

క్లోన్ చేసేటప్పుడు ఏది పాతది, ఏది కొత్తది అని అడుగుతుంది. అక్కడ తారుమారైతే పని మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. డ్రైవ్ పేరూ సైజూ రెండుసార్లు పైకి చదివి గానీ మౌస్ నొక్కలేదు. ఇన్వర్టర్ మీద పెట్టి రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే పన్నెండు దాటాక అయింది. మధ్యలో 64 శాతం దగ్గర పావుగంట కదల్లేదు. చెడ్డ సెక్టార్ల దగ్గర పాత డిస్క్ మళ్ళీ మళ్ళీ చదువుతూ టిక్ టిక్ అంటుంటే పక్కనే కూర్చున్నాను.

పొద్దున విప్పాం. తెల్లకాగితం మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, తీసిన ప్రతి మరనూ బొమ్మలో దాని స్థానంలోనే టేపుతో అంటించాను. మరలన్నీ ఒకే పొడవు ఉండవు, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే పైకి పొడుచుకొస్తుంది. అన్నీ తీశాక కూడా మూత రాలేదు. బలవంతం చెయ్యబోతున్న పిల్లాడిని ఆపి మాన్యువల్ చూశాను. ముందు డీవీడీ డ్రైవ్ బయటికి లాగాలి, దాని కింద చీమ తలకాయంత మరలు ఇంకో రెండు దాగి ఉన్నాయి. అవి తీశాక పాత సిమ్ కార్డు అంచుతో చుట్టూ జరుపుతూ వస్తే మూత టకటకమని ఊడింది. లోపల మొదటి పని బ్యాటరీ కనెక్టర్ తీసెయ్యడం. చెయ్యి ముందే కుళాయికి తాకించుకున్నాను, ఒంట్లో చేరిన స్టాటిక్ కరెంటు పోతుందని.

హార్డ్ డిస్క్ ఒక రేకు చట్రంలో ఉంటుంది, పక్కలకు నాలుగు మరలు. ఆ చట్రంలోంచి పాతది తీసి కొత్తది పెట్టడమే. చేతుల్లో రెండూ పట్టుకుంటే పాతది రాయి, కొత్తది ఖాళీ డబ్బా అన్నంత తేడా. ఎంఎక్స్500 మందం 7 మిల్లీమీటర్లు. మందంగా ఉండే పాత డిస్క్ చోట కదలకుండా 9.5కి సరిచేసే ప్లాస్టిక్ చట్రం కూడా డబ్బాలో ఇచ్చారు, మాకు అవసరం పడలేదు. పలచటి రిబ్బన్ కేబుల్ కొనను మాత్రం గోటితో కాకుండా వేలికొసతో సమానంగా నొక్కండి.

స్విచ్ వేశాను. కంపెనీ గుర్తు వచ్చింది, చుక్కలు తిరిగాయి, పాస్‌వర్డ్ అడిగింది. 18 సెకన్లు. పేజ్‌మేకర్ నొక్కితే అప్పుడే తెరుచుకుంది. ఫాంట్ల జాబితా దించితే ఆగకుండా కిందికి జారింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మేలో పెళ్ళివాళ్ళ ముందే మూడు రకాల నమూనాలు మార్చి మార్చి చూపించగలిగాను.

తర్వాత చెయ్యాల్సినవి ఎక్కువేం లేవు. విండోస్‌లో ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిచి, డ్రైవ్ పేరు పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉందో లేదో చూసుకోండి. అట్లా గుర్తిస్తే తుడిచిన ఫైళ్ళ జాగాను డ్రైవ్‌కు చెప్పే ట్రిమ్ పని అదే చేసుకుంటుంది. ఫైళ్ళ ముక్కలను ఒకచోటికి చేర్చే బయటి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు ఉంటే తీసెయ్యండి, ఎస్‌ఎస్‌డీకి వాటితో ఉపయోగం లేదు, ఉత్త అరుగుదల. కంపెనీ వాళ్ళ స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్‌లో మొమెంటమ్ కాష్ అని ఒకటి ఉంటుంది. రాయాల్సింది కాసేపు ర్యామ్‌లో ఉంచుతుంది. కరెంటు, బ్యాటరీ రెండూ నమ్మలేని చోట దాన్ని ఆన్ చెయ్యొద్దు.

ఏడాదిన్నరకు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో మొత్తం రాత 6.4 టీబీ, ఆరోగ్యం 96 శాతం, రంగు నీలం. చప్పుడు లేదు, అడుగున వేడి తగ్గింది. ఇబ్బంది ఒక్కటే, జాగా. ఫ్లెక్సీ పనులు మొదలయ్యాక ఫొటోషాప్ ఫైళ్ళు ఒక్కోటి 1 జీబీ దాటుతున్నాయి, 500 సరిపోవట్లేదు. అయిదోవంతు ఖాళీగా ఉంచాలని నా నియమం కాబట్టి పాత పనులు నెలనెలా బయటికి మార్చాల్సి వస్తోంది. ఇప్పుడు కొనేదైతే 1 టీబీదే తీసుకునేదాన్ని. మీరు ఫొటోలతో పనిచేసేవాళ్ళైతే మొదటే ఆ తేడా డబ్బు పెట్టండి.

మొదట కొన్న ఎన్‌వీఎంఈ పట్టీ ఆరు నెలలు బీరువాలో ఉండి, మా మరిది కొడుకు ఇంజనీరింగ్ లాప్‌టాప్‌లోకి చేరింది. వాడిది 2021 మోడల్, స్లాట్ సరైనది. ఒక్క మర, పది నిమిషాలు, అంతే.

ఇంకొక మాట, ఇది డ్రైవ్‌లో లోపం కాదు గానీ తెలిసి ఉండాలి. హార్డ్ డిస్క్ పోయేముందు టిక్ టిక్ అంటుంది, నెమ్మదిస్తుంది, పసుపు రంగు చూపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏ సూచనా లేకుండా ఆగిపోతుంది. ట్రిమ్ అయిపోయిన ఫైలును వెనక్కి తేవడం కూడా దాదాపు అయ్యే పని కాదు. అందుకని కొత్త 1 టీబీ బయటి డిస్క్ ఒకటి కొన్నాను, ప్రతి ఆదివారం సాయంత్రం ఆ వారం పనంతా దాంట్లోకి పోతుంది. పసుపు రంగు చూపించిన పాత డిస్క్ యూఎస్‌బీ కేసులో అల్మరా పైన ఉంది, మీద ‘2018 నుంచి 2023 వరకు, చదవడానికి మాత్రమే’ అని చీటీ అంటించాను. మొన్న శ్రావణంలో ఒకాయన తన పెద్దమ్మాయి శుభలేఖ లాంటిదే చిన్నమ్మాయికీ కావాలని వచ్చాడు. ఆ డిస్క్ తగిలిస్తే రెండు నిమిషాలు తిరిగి తిరిగి, 2019 ఫైలు తెరుచుకుంది.