ఫుల్ ఫేసా, హాఫ్ ఫేసా, ఫ్లిప్ అప్పా? బెజవాడ–గుంటూరు రోడ్డు మీద ఏ హెల్మెట్ మేలు

హెల్మెట్ కొనడానికి వెళ్లినవాళ్లు ముందు ధర అడుగుతారు, తర్వాత రంగు చూస్తారు, ఆ తర్వాత కంపెనీ. తలకు సరిగ్గా పట్టిందా లేదా అన్న సంగతి చివరికి వస్తుంది. అదీ అద్దంలో ఒకసారి చూసుకుని సరిపెట్టుకోవడమే. నా లెక్కలో ఈ వరస తిరగబడాలి. తలకు బిగుతుగా కూర్చునే 1,500 రూపాయల ఐఎస్ఐ హెల్మెట్, తల మీద ఊగిసలాడే 6,000 రూపాయల హెల్మెట్ కంటే మేలు. దెబ్బను మింగేది పైన కనిపించే గట్టి డొప్ప ఒక్కటే కాదు, దాని లోపలున్న థర్మాకోల్ పొర కూడా. ఆ పొర తాను నలిగి తలకు చేరే అదురును తగ్గిస్తుంది. తలకూ దానికీ మధ్య సందుంటే తల ముందు ఆ సందులో కదిలి, ఆ తర్వాత వెళ్లి గుద్దుకుంటుంది. మరీ వదులైతే మనిషి కింద పడేలోపే హెల్మెట్ ఊడి దొర్లిపోతుంది.

రోడ్డు పక్క చెట్ల కింద తాళ్లకు వేలాడదీసి మూడు నాలుగు వందలకు అమ్మే చిప్పల గురించి ఎక్కువ మాట్లాడను. ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం 2021 జూన్ 1 నుంచి చట్టవిరుద్ధం. ముద్ర ఉన్నా గుడ్డిగా నమ్మకూడదు. అసలైనదైతే ముద్ర పైన ఐఎస్ 4151 అనీ, కింద సీఎం/ఎల్ అన్న అక్షరాలతో లైసెన్స్ నంబరూ ఉంటాయి. ఆ నంబరును, ఆ ముద్ర ఇచ్చే సంస్థదైన బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో చెప్పేస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు, నిమిషం పని.

ఇక అసలు పోటీ గడ్డాన్ని వదిలేసే హాఫ్ ఫేస్‌కూ గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్‌కూ మధ్య. హాఫ్ ఫేస్‌కు ఉన్న సుఖాలు నిజమైనవే. తేలిగ్గా ఉంటుంది, సాధారణంగా కిలోకు అటూ ఇటూ. గాలి ఆడుతుంది, కళ్లజోడు తీయక్కర్లేదు, బీసెంట్ రోడ్డులో పదిచోట్ల ఆగే పని ఉన్నవాళ్లకు తీసి పెట్టుకోవడం సులువు. కానీ గడ్డం, దవడ, పళ్లు మొత్తం బయటే ఉంటాయి. బండి మీద నుంచి ముందుకు పడ్డవాళ్లకు నేల ముందు తగిలేది ఎక్కడో ఊహించుకోండి. జర్మనీలోని హానోవర్‌లో ప్రమాదాలను పరిశీలించినప్పుడు, హెల్మెట్ల మీద పడ్డ దెబ్బల్లో సుమారు మూడో వంతు గడ్డం భాగంలోనే కనిపించాయి. అంత పెద్ద భాగాన్ని గాలి కోసం వదులుకోవడం నాకు మనసొప్పదు.

ఫుల్ ఫేస్ మీద మనవాళ్లు చెప్పే అభ్యంతరం ఒక్కటే, ఉక్క. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే తలంతా చెమటలు కారి కళ్లలోకి దిగుతాయి. అయితే ఆ బాధ ఎక్కువగా బండి ఆగినప్పటిది. బండి కదిలాక గడ్డం దగ్గరా నుదుటి మీదా ఉన్న గాలి రంధ్రాలు పనిచేస్తాయి, వేడిని కొంతవరకు అడ్డుకునే గుణం ఆ థర్మాకోల్‌కూ ఉంది. హాఫ్ ఫేస్‌కు అద్దం ఎత్తేస్తే మేలో వడగాలి నేరుగా మొహాన కొడుతుంది, అదేమీ చల్లదనం కాదు. కాబట్టి ఫుల్ ఫేస్‌లోనే ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూడండి: ముందు రంధ్రాలతో పాటు వెనక గాలి పోయే దారి కూడా ఉందా, తెలుపు లేదా లేత రంగేనా, లోపలి గుడ్డ విప్పి ఉతుక్కోవచ్చా. మూడోది మన ఊళ్లలో అన్నిటికంటే ముఖ్యం. కొబ్బరినూనె, చెమట కలిసిన గుడ్డను ఉతకలేకపోతే రెండు వేసవుల్లో ఆ హెల్మెట్ దగ్గరికి కూడా రానివ్వదు. అప్పుడు అది తల మీద కాకుండా బండి అద్దానికి వేలాడుతుంది. అలా వేలాడదీస్తే అద్దం కొన లోపలి పొరలో గుంట పెడుతుందన్నది ఇంకో నష్టం.

గుంటూరు వాళ్లకు ఫుల్ ఫేస్ వైపు మొగ్గడానికి మరో కారణం కూడా ఉంది. సీజన్‌లో మిర్చి యార్డు చుట్టుపక్కల, టిక్కీల (మిర్చి బస్తాల) లోడుతో పోయే లారీల వెనక, ఘాటు కళ్లకు తగిలితే బండి నడపడమే కష్టం. అద్దం దించిన ఫుల్ ఫేస్ ఆ ఘాటును పూర్తిగా ఆపదు గానీ దుమ్ము నేరుగా కంట్లో పడనివ్వదు.

ఫ్లిప్ అప్ రెండింటి మధ్య రాజీ. గడ్డం భాగం పైకి లేస్తుంది కాబట్టి పెట్రోల్ బంకులోనూ టీ కొట్టు దగ్గరా సుఖం, కళ్లజోడు వాళ్లకు మరీ సుఖం. దానికి చెల్లించే మూల్యం బరువు. ఆ మడత ఏర్పాటు వల్ల చాలా మోడళ్లు కిలోన్నర దాటతాయి, మెడనొప్పి ఉన్నవాళ్లకు గంట ప్రయాణంలో తేడా తెలుస్తుంది. చవకరకం ఫ్లిప్ అప్‌లో ఆ లాక్ వదులైపోతుందేమోనన్న భయం నాకెప్పుడూ ఉంటుంది. గడ్డం ఎత్తుకునే నడిపితే అది హాఫ్ ఫేస్‌తో సమానమే, పైగా గాలికి తలను వెనక్కి లాగుతుంది. కనకదుర్గ వారధి మీద నది గాలి పక్కనుంచి కొట్టినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. అందుకే 3,000 రూపాయల లోపు ఫ్లిప్ అప్ కొనేకంటే అదే డబ్బుకు మంచి ఫుల్ ఫేస్ తెచ్చుకోమంటాను.

లోపల ఎండకు దించుకునే చిన్న నల్లద్దం ఉన్న మోడళ్లకు కొంచెం ఎక్కువ పెట్టాలా వద్దా అన్నది మీరు ఏ దిక్కుకు పోతారన్న దాన్ని బట్టి ఉంటుంది. గుంటూరుకు బెజవాడ ఈశాన్యంగా ఉంది. గుంటూరులో ఇల్లు, బెజవాడలో ఉద్యోగం ఉన్నవాళ్లకు పొద్దున వెళ్లేటప్పుడు ఎండ ఎదురు, సాయంత్రం మంగళగిరి మీదుగా తిరిగొచ్చేటప్పుడూ ఎదురే. వాళ్లకు ఆ నల్లద్దం దండగ కాదు. బెజవాడ నుంచి గుంటూరు వెళ్లొచ్చేవాళ్లకు రెండుసార్లూ ఎండ వెనకే, వాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. ముందున్న పెద్ద అద్దం మాత్రం అందరికీ తెల్లదే ఉండాలి. నల్లద్దంతో చీకట్లో నడపడం ప్రాణాలతో చెలగాటం.

ఇప్పుడు పట్టు సంగతి. కనుబొమలకు అంగుళం పైనుంచి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా టేపు చుట్టి కొలవండి. ఆ కొలత సెంటీమీటర్లలో రాసుకుని షాపుకు వెళ్లండి. ఎందుకంటే ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎల్‌తో సరిపోదు, ఎం, ఎల్ అక్షరాల కంటే లోపల రాసిన అంకె ముఖ్యం. పెట్టుకున్నాక చెంపలు లోపలికి నొక్కుకోవాలి, నమిలితే చెంప పళ్లకు తగిలినట్టుండాలి. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తి చూడండి. ఊడి వస్తే ఆ సైజు వద్దు. ఇటూ అటూ తిప్పితే నుదుటి చర్మం కూడా హెల్మెట్‌తో కదలాలి. అలాగే పావుగంట ఉంచుకోండి. షాపువాడు విసుక్కున్నా సరే. తీశాక నుదుటి మధ్యలో ఒక్కచోటే ఎర్రగా కమిలి నొప్పి పెడితే మీ తల పొడవు ఎక్కువ, ఆ డొప్ప గుండ్రం అని అర్థం. సైజు పెంచడం దానికి మందు కాదు, కంపెనీ మార్చడమే మందు. చెంపల బిగుతు మాత్రం కొన్ని వారాలకు తగ్గుతుంది, ఎందుకంటే మెత్తలు అణుగుతాయి. కొత్తలోనే హాయిగా ఉన్నది ఆరు నెలలకు వదులైపోతుంది. ఆన్‌లైన్‌లో రెండొందలు తగ్గుతాయని ఇదంతా వదులుకోవద్దు. బుద్ధిగా షాపులో పెట్టుకుని చూసి కొనండి.

ధర విషయానికి వస్తే, స్టడ్స్, స్టీల్‌బర్డ్, వేగా లాంటి కంపెనీల ఫుల్ ఫేస్‌లు దాదాపు 1,200 నుంచి 2,500 రూపాయల్లో దొరుకుతాయి. వాటి పైన ఎస్ఎంకే, యాక్సర్, ఎంటీ, ఎల్ఎస్2. ఎస్ఎంకే స్టడ్స్ వాళ్లదే, యాక్సర్ వేగా వాళ్లది. పైధరలో కొన్నిటికి ఐఎస్ఐతో పాటు ఐరోపా ప్రమాణం ఈసీఈ 22.06 కూడా ఉంటుంది. అందులో ఏటవాలు దెబ్బకు తల మెలితిరిగే తీరును కూడా కొలుస్తారు. రోజూ హైవే ఎక్కేవాళ్లకు ఆ అదనపు ఖర్చు న్యాయమైనదే.

కానీ ఇంట్లో బండి మీద ఇద్దరు వెళ్తూ, చేతిలో 5,000 మాత్రమే ఉంటే నా జవాబు వేరు. 4,500 పెట్టి ఒకటి కొని, వెనక కూర్చునే మనిషికి చిప్ప తగిలించడం కంటే రెండు వేలకొకటి చొప్పున రెండు మంచి ఫుల్ ఫేస్‌లు కొనండి. చట్టం వెనకవాళ్లకూ హెల్మెట్ పెట్టుకోమంటోంది. 2019 సవరణ ప్రకారం లేకపోతే వెయ్యి రూపాయల చలానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు. చలానా మాట పక్కన పెట్టినా, వెనక కూర్చున్న మనిషి చేతిలో హ్యాండిల్‌బార్ కూడా ఉండదు. ఆ హెల్మెట్ కొనేటప్పుడు, వెనక కూర్చునేది ఆడమనిషి అయితే, ఆమెను కూడా షాపుకు తీసుకెళ్లండి. మామూలుగా బయటికి వెళ్లేటప్పుడు జడ ఎలా వేసుకుంటుందో అలాగే వేసుకుని పెట్టి చూడాలి. నడినెత్తిన కొప్పు ఉంటే ఏ సైజూ సరిగ్గా కూర్చోదు, జడను మెడ దగ్గరికి కిందకి వేసుకుంటే సరిపోతుంది. కొప్పు పడుతుందని ఒక సైజు పెద్దది మాత్రం తీసుకోవద్దు.