షెల్ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యు-40: పోలో టీఎస్‌ఐలో 72 వేల కిలోమీటర్లు వాడాక

బండి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ. 1.2 లీటర్ల టీఎస్‌ఐ పెట్రోల్ ఇంజన్, టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. తిరిగేది ఎక్కువగా హైదరాబాద్ ట్రాఫిక్‌లో, నెలకు ఒకటి రెండుసార్లు విజయవాడ హైవే మీద. ఈ 72 వేల కిలోమీటర్లలో తొమ్మిదిసార్లు పోసింది ఇదే ఆయిల్. తీర్పు ముందే చెప్పేస్తున్నా: బాగుంది, పదోసారీ ఇదే కొంటాను. అయితే కొనడానికి కారణం డబ్బా ముందువైపు పెద్దక్షరాల్లో ఉన్న పేరు కాదు, వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉన్న ఒక్క లైను. ఇంజన్ ఆయిల్ కొనేటప్పుడు చాలామంది చదవనిది ఆ లైనే.

ఆ లైనులో ఉండేది వీడబ్ల్యు 502 00. ఈ ఇంజన్‌కు కంపెనీ అడిగేది ఆ కోడే. దాని పక్కన 'అప్రూవల్' అని ఉంటే, ఆ ఆయిల్ తయారీదారు ఫోక్స్‌వ్యాగన్ చెప్పిన పరీక్షలు చేయించి అనుమతి తెచ్చుకున్నాడని అర్థం. 'మీట్స్ రిక్వైర్‌మెంట్స్', 'సూటబుల్ ఫర్', 'రికమెండెడ్ ఫర్' అని ఉంటే మాత్రం అది ఆయిల్ కంపెనీ సొంత మాట. ఆ ఆయిల్ మంచిదే అయి ఉండొచ్చు, కానీ బండి కంపెనీ దానికి పూచీ పడదు. డబ్బాను తిప్పి ఈ ఒక్క తేడా చూసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

గ్రేడ్, అంటే చిక్కదనం చెప్పే అంకె, ఒకటే కదా, ఏదైతే ఏం అనుకోకండి. 5డబ్ల్యు-30 అని రాసున్న రెండు డబ్బాలు రెండు వేర్వేరు ఆయిల్స్ కావచ్చు. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలుగుతున్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో కొలిచే పరీక్ష ఒకటుంది, హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 30 గ్రేడ్‌కు అందులో 2.9 వస్తే చాలు. డబ్బా మీద యూరప్ బండి కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన ఏ3/బీ4 గానీ సీ3 గానీ రాసుకోవాలంటే 3.5 తగ్గకూడదు. మైలేజీ కోసం పలచగా చేసిన 30 ఒకటి, వేడికి తట్టుకునేలా చేసిన 30 ఇంకొకటి, ముందువైపు చూస్తే రెండూ ఒకటే. మే నెలలో 45 డిగ్రీల ఎండలో నలుగురు మనుషులతో, ఏసీతో, టర్బో బండిని హైవే మీద తోలేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

'ఫుల్లీ సింథటిక్' అన్న మాట మీద కూడా అంత భరోసా పెట్టుకోవద్దు. ఒకప్పుడు సింథటిక్ అంటే రసాయనికంగా కట్టిన పీఏఓ, ఎస్టర్ ఆయిల్సే. ముడి చమురునే గట్టిగా శుద్ధి చేసి తీసిన గ్రూప్ 3 ఆయిల్‌ను కూడా సింథటిక్ అనొచ్చా అని 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే సంఘం ముందు తగాదా నడిచింది. అనొచ్చనే తేలింది. అప్పటినుంచి ఆ మాట చాలా దేశాల్లో మార్కెటింగ్ మాటే. షెల్ వాళ్లు ఈ హెలిక్స్ అల్ట్రాకు వాడేది సహజవాయువు నుంచి తీసిన బేస్ ఆయిల్ (రసాయనాలు కలపకముందు ఉండే మూల నూనె), ఖతార్‌లోని పెర్ల్ ప్లాంటులో తయారవుతుంది. లెక్కకు అదీ గ్రూప్ 3 కిందకే వస్తుంది, కానీ శుభ్రత ఎక్కువ, వేడికి ఆవిరయ్యేది తక్కువ. వాడకంలో నాకు కనిపించిన మొదటి గుణం అదే.

ఆవిరి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆయిల్‌ను 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత బరువు తగ్గిందో చూస్తారు, దాన్ని నోయాక్ పరీక్ష అంటారు. ఏ3/బీ4కు 13 శాతం దాటకూడదు. ఇంజన్‌లో ఆవిరైన ఆయిల్ ఇన్‌టేక్ దారిలోకి, అంటే ఇంజన్ గాలి పీల్చే దారిలోకి, వెళ్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌లో వాల్వుల మీద పెట్రోల్ పడదు కాబట్టి ఆ జిడ్డును కడిగేదేమీ ఉండదు, పేరుకుని మసిబారుతుంది. అందుకే టీఎస్‌ఐ లాంటి బళ్లలో ఆయిల్ తక్కువ తాగడం డబ్బు లెక్కే కాదు, వాల్వుల లెక్క కూడా. ఈ బండిలో 8 వేల కిలోమీటర్లకు డిప్‌స్టిక్ మీద లెవెల్ పై గీత నుంచి దాదాపు మూడో వంతు దిగుతుంది. అంటే 300 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు వరకు మామూలే అని మాన్యువల్ ఒప్పుకునే ఇంజన్‌కు ఇది చాలా తక్కువ. హైవే మీద 110 పైన ఎక్కువసేపు తోలిన నెలల్లో ఇంకొంచెం దిగుతుంది.

పొద్దున స్టార్ట్ చేసినప్పటి మాట. మన దగ్గర మంచు పడదు కదా, 5డబ్ల్యు ఎందుకు, 20డబ్ల్యు-50 చాలదా అని మెకానిక్‌లు అడుగుతుంటారు. డబ్ల్యు ముందున్న అంకె సున్నాకు బాగా కిందటి చలి పరీక్షల కోసమే, నిజమే. కానీ ఇంజన్‌కు చలి అంటే లంబసింగి చలే కాదు. 100 డిగ్రీల దగ్గర పనిచేయాల్సిన ఆయిల్‌కు 30 డిగ్రీలు కూడా చలే. ఆ వేడిమిలో 20డబ్ల్యు-50తో పోలిస్తే 5డబ్ల్యు-40 చిక్కదనం సగానికి దగ్గరగా ఉంటుంది, కాబట్టి కామ్‌షాఫ్ట్ దాకా, టర్బో బేరింగ్ దాకా త్వరగా ఎక్కుతుంది. రాత్రంతా నిలబడిన బండిలో టకటక చప్పుడు రెండు మూడు సెకన్లలో సద్దుమణుగుతుంది. ఆరేడు వేల కిలోమీటర్లు దాటాక ఇంజన్ చప్పుడు కొంచెం మొరటు అవుతుంది. మైలేజీలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు, ఆ ఆశతో కొనొద్దు.

ఇంకొక విషయం టర్బో పెట్రోల్ వాళ్లందరికీ అవసరం: డబ్బా వెనక ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంఘం) ఎస్‌పీ గానీ అంతకన్నా కొత్తది గానీ ఉందో లేదో చూడండి. తక్కువ స్పీడులో, ఎక్కువ గేరులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఈ ఇంజన్లకు ఉంది, పిస్టన్ పగిలేదాకా పోవచ్చు. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే అది పెరుగుతుంది. ఏపీఐ ప్రమాణాల్లో దానికి పరీక్ష మొదటిసారి 2018లో ఎస్‌ఎన్ ప్లస్‌తో వచ్చింది, 2020 మేలో ఎస్‌పీలో కలిసింది. షాపు అరలో మిగిలిపోయిన పాత ఎస్‌ఎన్ డబ్బాను తగ్గింపుకు ఇస్తామన్నా టర్బో బండికి వద్దు.

మార్చే గడువు దగ్గర కంపెనీ మాటకు, నా లెక్కకు తేడా ఉంది. మాన్యువల్ ప్రకారం 15 వేల కిలోమీటర్లు లేదా ఏడాది. హైవే మీద సగటున 70తో పోతే 10 వేల కిలోమీటర్లకు ఇంజన్ 143 గంటలు తిరుగుతుంది. అమీర్‌పేట, పంజాగుట్ట వైపు సగటున 20తో పాకితే అదే 10 వేలకు 500 గంటలు. మీటరు ఒకటే చూపిస్తుంది, ఆయిల్ మాత్రం మూడింతలకు పైగా అలిసిపోతుంది. అందుకే సిటీ బండికి 8 వేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. పూర్తిగా హైవే బండి అయితే కంపెనీ గడువే సరి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆపేసే బండిది ఇంకో సమస్య: ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతుంది కాబట్టి పెట్రోల్ ఆయిల్‌లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. డిప్‌స్టిక్‌కు పెట్రోల్ వాసన వస్తున్నా, లెవెల్ తగ్గకపోగా పెరుగుతున్నా అదే కారణం. వారానికొకసారి అరగంట, ముప్పావుగంట ఔటర్ మీద తిప్పితే చాలావరకు ఎగిరిపోతుంది. రంగు చూసి మాత్రం నిర్ణయించకండి. రెండు వేలకే నల్లబడటం ఆయిల్ మసిని పట్టుకుంటోందన్న గుర్తే.

కొనేటప్పుడు నకిలీ సంగతి. ఖాళీ డబ్బాలు పాత సామాన్లకు వెళ్లి, మళ్లీ నిండి తిరిగొస్తాయి. ఆటోనగర్‌లోనో రాణిగంజ్‌లోనో కొంటే బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనండి. మూత కింద రింగు తిప్పినప్పుడే తెగాలి, ముందే వదులుగా తిరగకూడదు. లోపల రేకు సీలు అంచుల చుట్టూ సమానంగా అతుక్కుని ఉండాలి, జిగురు మరకలు కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిగినట్టున్నా, వేలితో రుద్దితే వచ్చేస్తున్నా అదే పని. ఎమ్మార్పీ మీద పది, ఇరవై శాతం తగ్గింపు మామూలే. సగం ధరకు ఇస్తున్నారంటే వదిలేయండి. సర్వీసు సెంటర్లో బ్యారెల్ నుంచి పోస్తామంటే, ఏ కోడ్ ఉన్న ఆయిలో బిల్లు మీద రాయించుకోండి.

మార్చే పని కష్టమేమీ కాదు. ఇంజన్‌ను పది నిమిషాలు నడిపి, బండిని చదునుగా నిలబెట్టి, పైన మూత తీసి, చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టు విప్పి పావుగంటకు తక్కువ కాకుండా కారనివ్వాలి. ఆ బోల్టు ప్రతిసారీ కొత్తది వేయాలి, 30 న్యూటన్ మీటర్లకే బిగించాలి. స్పానర్‌కు పైపు తొడిగి బిగించే అలవాటున్న చోట చాంబర్ మరలు పోతాయి, తర్వాత ఎంత బిగించినా చెమ్మ ఆగదు. కొత్త ఫిల్టర్ రబ్బరుకు నాలుగు చుక్కల ఆయిల్ రాయాలి, పాత రబ్బరు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి. రెండు రబ్బర్లు ఒకదానిమీద ఒకటి పడితే హైవే ఎక్కగానే ఆయిలంతా రోడ్డు పాలే. మొదట మూడున్నర లీటర్లు పోసి, రెండు నిమిషాలు నడిపి ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కొంచెం కొంచెంగా. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి సరిపోతుంది. ఫ్లషింగ్ లిక్విడ్, పైన కలిపే బుడ్డీలు అక్కర్లేదు.

ఈ ఆయిల్ ఎవరికి వద్దో కూడా చెప్పాలి. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 డీజిల్ బళ్లకు పోయొద్దు. వాటికి ఆయిల్ కాలాక మిగిలే బూడిద 0.8 శాతం దాటని సీ3 లాంటివి కావాలి, లేకపోతే ఫిల్టర్ పూడుకుపోతుంది. 0డబ్ల్యు-16, 0డబ్ల్యు-20 అడిగే కొత్త చిన్న పెట్రోల్ బళ్లకు ఇది అనవసరంగా చిక్కన. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల కొత్త 1.0 టీఎస్‌ఐ వాళ్లు కూడా తమ మాన్యువల్‌లో ఏ కోడ్ ఉందో చూశాకే డబ్బా తీసుకోవాలి.

తీసిన కాలిన ఆయిల్‌ను అదే డబ్బాలోకి గరాటుతో పోసి మెకానిక్ దగ్గర పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి, డ్రైనేజీలో పోయొద్దు. డబ్బా ఖాళీ అయ్యాక నడుమ కత్తితో కోసి, లేబుల్ చింపి పడేయండి.