జగదాంబ సెంటర్‌లో దొరికే 400 ఆటల డబ్బా: ఏది నకలు, ఏది స్ఫూర్తి?

విశాఖ జగదాంబ సెంటర్ చుట్టుపక్కల మొబైల్ కవర్లు, ఇయర్‌ఫోన్లు అమ్మే చిన్న షాపుల్లో, అద్దం వెనక ఎర్రదో నీలందో ఒక చేతి వీడియో గేమ్ వేలాడుతూ ఉంటుంది. అట్టపెట్టె మీద ‘400 ఇన్ 1’ అని ఉంటుంది తప్ప తయారీదారు పేరు ఉండదు. బేరమాడితే ఐదారొందలకు ఇస్తారు. పిల్లల కోసం కొనేవాళ్ళు కొంటారు, ఒకప్పుడు టీవీకి పెట్టె తగిలించి క్యాసెట్లు మార్చి ఆడినవాళ్ళు ఆ మమకారంతో కొంటారు. ఈ సమీక్ష మాత్రం గేమ్ డిజైన్ నేర్చుకుంటున్న కుర్రాళ్ళ కోసం. నకలుకీ స్ఫూర్తికీ తేడా పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఇంత చవకైన వస్తువు ఇంకోటి లేదు.

ముందు డబ్బా సంగతి. 3 అంగుళాల స్క్రీన్, వెనక మూత తీస్తే పాత నోకియా ఫోన్లలో వచ్చే బీఎల్-5సీ రకం బ్యాటరీ. లోపల బోర్డు మీద నల్లటి జిగురు బొట్టు ఉంటుంది, మొత్తం యంత్రం దాని కిందే. నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే టీవీ గేమ్ పెట్టెను అనుకరించే చిప్ అది. అసలు యంత్రం బొమ్మ 256×240 చుక్కలు. ఇక్కడ దాన్ని అడ్డంగా సాగదీస్తారు కాబట్టి గుండ్రటివన్నీ కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తాయి. సంగీతం కూడా కొంచెం తేడాగా ఉంటుంది. ఇలాంటి చిప్‌లు చాలావాటిలో రాగం పలికించే రెండు ఛానెళ్ళ తరంగాల వెడల్పులు తారుమారై ఉంటాయి, అందుకే తెలిసిన ట్యూన్ కూడా గొంతు మారినట్టు వినిపిస్తుంది. ఆట మధ్యలో సేవ్ చేసుకోవడం కుదరదు.

400 అనేది నమ్మదగ్గ లెక్క కాదు. ఒకే ఆట రెండు మూడు పేర్లతో వస్తుంది, కొన్నిచోట్ల అదే ఆట మూడో లెవెల్ నుంచి మొదలై ‘కొత్త’ ఆటగా కూర్చుంటుంది.

జాబితాలో మారియో తల మార్చి, వేరే పేరు తగిలించిన ఆట ఒకటుంది. ఈ పని ఎంత సులువో తెలిస్తే నకలు అంటే ఏమిటో సగం అర్థమవుతుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. అందులో 32 కిలోబైట్లు ప్రోగ్రామూ లెవెల్సూ, మిగతా 8 కిలోబైట్లు బొమ్మలు. బొమ్మలన్నీ 8×8 చుక్కల గళ్ళు. చిన్న మారియో నిలబడితే నాలుగు గళ్ళు, అంతే. ఆ 8 కిలోబైట్లలో గీతలు మార్చి, 32 జోలికి పోకుండా వదిలేస్తే ‘కొత్త ఆట’ తయారు. తల మారుతుంది, దూకే ఎత్తు మారదు. మొదటి లెవెల్లో గొట్టాలు 2, 3, 4, 4 ఇటుకల ఎత్తులోనే వస్తాయి, నాలుగోది భూమి కిందకి తీసుకెళ్తుంది. ప్రశ్నార్థకం పెట్టెలోంచి వచ్చిన పుట్టగొడుగు కుడివైపు జారి, గొట్టానికి తగిలి వెనక్కి తిరిగి మీ మీదకే వస్తుంది. పైన ఇటుకలు ఉండడంతో దాన్ని తప్పించుకు దూకడం కష్టం. తాకితే చావం, పెద్దవాళ్ళమవుతాం అని ఆటగాడికి ఒక్క అక్షరం రాయకుండా నేర్పిన చోటు అది. డిజైనర్ల అసలు కష్టం అక్కడుంది. నకలుగాడు ఎత్తుకుపోయింది కూడా సరిగ్గా దాన్నే.

ట్యాంకుల ఆటకి వద్దాం. డబ్బాలో ‘ట్యాంక్ 1990’ అని కనిపించేది నామ్‌కో కంపెనీ 1985లో తెచ్చిన బ్యాటిల్ సిటీకి చేసిన దొంగ మార్పు. అవే 13×13 గళ్ళ మైదానం, దశకి అవే 20 శత్రు ట్యాంకులు, కాపాడుకోవాల్సిన అదే గద్ద. నీళ్ళు దాటించే పడవ లాంటివి ఒకటి రెండు చేర్చారు. ఆ చేర్పులు బాగానే ఉంటాయి, కానీ పునాదీ గోడలూ వేరేవాళ్ళవి. దీనికి ఎదురుగా పెట్టాల్సింది బ్యాటిల్ సిటీ పుట్టుకనే. అది నామ్‌కోదే 1980 నాటి ట్యాంక్ బెటాలియన్ లోంచి వచ్చింది. ఇటుక గోడలూ గద్దా ఉంచుకుని నీళ్ళు, మంచు, అడవి, బోనస్‌లు, ఇద్దరు కలిసి ఆడే వీలు తెచ్చారు. ఇద్దరు కలిసేసరికి ఒకరు గద్ద దగ్గర కాపలా, ఒకరు ముందుకి అనే వ్యూహం పుట్టింది. పాత ఆటలో ఆ నిర్ణయానికి తావే లేదు. ఆటగాడు తీసుకునే నిర్ణయం మారిందా లేదా అన్నదే నా దృష్టిలో గీత.

డబ్బాలోని అడ్వెంచర్ ఐలాండ్‌ని మాత్రం దొంగల లెక్కలో వేయకండి. సెగా వండర్ బాయ్‌తో దాదాపు అచ్చంగా ఒకటే అయినా, 1986లో హడ్సన్ కంపెనీ ఆ ఆటని తీసుకొచ్చే హక్కులు పొందింది. పేరూ కథానాయకుడూ సెగావి కాబట్టి వాటిని మార్చింది.

గీత ఎక్కడుందో ఇంకా బాగా చూపించే జంట టెట్రిస్, డాక్టర్ మారియో. 1990లో వచ్చిన డాక్టర్ మారియో పైనుంచి ముక్కలు పడడం అనే ఊహని టెట్రిస్ నుంచే తీసుకుంది. కానీ టెట్రిస్ ఖాళీ మైదానంతో మొదలై నిండకుండా కాపాడుకునే ఆట. ఇది ముందే వైరస్‌లు నింపిన 8×16 సీసాతో మొదలై ఖాళీ చేసే ఆట. వరుస నిండక్కర్లేదు, ఒకే రంగు నాలుగు కలిస్తే చాలు. రెండూ పదేసి నిమిషాలు వెంటవెంటనే ఆడి చూడండి, చెయ్యి ఒకే పని చేస్తున్నా బుర్ర చేసే లెక్క వేరు. 2012లో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు మినో అనే ఐఫోన్ ఆటని తప్పుపట్టినప్పుడు కూడా, ముక్కలు పడి వరుసలు మాయమయ్యే నియమం ఎవరి సొత్తూ కాదంది. 10×20 గళ్ళ మైదానం, ముక్కల ఆకారాలు, కింద పడబోయే చోటు చూపించే నీడ, ఇవన్నీ కలిపి దించేయడమే తప్పంది.

మన దగ్గరా తీరు అదే. ఊహకి కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. స్క్రాబుల్ అనే పదాల ఆటని పోలిన, కోల్‌కతా అన్నదమ్ముల ఆన్‌లైన్ ఆట స్క్రాబ్యులస్ మీద వచ్చిన కేసులో 2008లో ఢిల్లీ హైకోర్టు బోర్డు విషయంలో ప్రాథమికంగా కాపీరైట్ వాదన ఒప్పుకోలేదు, పేరు విషయంలో మాత్రం ఆపింది. కాబట్టి కొత్తగా ఆట చేసేవాళ్ళు పేరు దగ్గర కూడా జాగ్రత్త పడాలి.

కొనేటట్టయితే షాపులోనే మూత తీయించి బ్యాటరీని బల్ల మీద పెట్టి తిప్పండి. బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే, వద్దనండి. బాణాల మీట నాలుగు వైపులా నొక్కి చూడండి, కుడివైపు నొక్కుతుంటే పైకి కూడా పడుతోందంటే లోపలి రబ్బరు వదులైంది. ఫాస్ట్ ఛార్జర్ పెట్టకండి, మామూలు 5 వోల్టులది చాలు. మన సముద్రపు గాలికి బ్యాటరీ రాగి పలకలు పచ్చబడతాయి. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలాసార్లు మళ్ళీ పనిచేస్తుంది.

నేర్చుకోవడానికి ఇందులో బాగా పనికొచ్చేది ట్యాంకుల ఆటలోని కన్‌స్ట్రక్షన్. బాణాలతో జరుగుతూ ఎ బటన్ నొక్కితే ఇటుక, ఇనుము, నీళ్ళు మారుతుంటాయి, స్టార్ట్ నొక్కితే మొదటి మెనూకి వస్తారు, అక్కడ ఆట మొదలుపెడితే మీరు గీసిన మైదానమే మొదటి దశగా వస్తుంది. స్విచ్ ఆపితే పోతుంది కాబట్టి ముందు గళ్ళ కాగితం మీద 13×13 గీసి పెట్టుకోండి. ఇక్కడ గద్ద చుట్టూ ఇనుము కట్టేస్తే ఆట చప్పబడిపోతుంది, ఎందుకో మీకే తెలుస్తుంది.

అయితే డబ్బాలోని ఆటల్లో ఏ ఒక్కదానికీ చేసినవాళ్ళకి పైసా వెళ్ళదు. కంప్యూటర్ ఉన్నవాళ్ళకి నా సలహా దీన్ని కొనొద్దనే. బ్యాటిల్ సిటీ 2020లో వచ్చిన నామ్‌కో మ్యూజియం ఆర్కైవ్స్ రెండో భాగంలో, తుపాకుల ఆట కాంట్రా 2019 నాటి కొనామీ సంకలనంలో, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ మీద దొరుకుతాయి. అక్కడ రంగులూ శబ్దమూ సరిగ్గా ఉంటాయి, ఎక్కడైనా ఆపి సేవ్ చేసుకుని అదే చోటు పదిసార్లు పరిశీలించవచ్చు.