తెనాలి బోసు రోడ్డు వెనక ట్రెడిల్ ప్రెస్సు: మా పెద్దమ్మాయి శుభలేఖలు ఇక్కడే వేయించాం

తెనాలిలో గానీ చుట్టుపక్కల ఊళ్లలో గానీ ఎవరింట్లో పెళ్లి పెట్టుకున్నా, కార్డు మీద తెలుగు తప్పుల్లేకుండా రావాలంటే నేను చెప్పేది ఈ ఒక్క ప్రెస్సు పేరే. పేరు అంటున్నాను గానీ దీనికి బోర్డు లేదు. గాలివానకు పడిపోయిన బోర్డును మళ్లీ పెట్టలేదట. బోసు రోడ్డులో ఏ స్టేషనరీ కొట్టులో అడిగినా ‘ట్రెడిల్ ప్రెస్సా అమ్మా’ అంటూ వెనక సందు చూపిస్తారు. ట్రెడిల్ అంటే కాలితో తొక్కి నడిపే పాతకాలపు అచ్చు మిషను. పెట్టెలో పెట్టి ఇచ్చే కార్డులు, బంగారు రంగు రేకు అద్దిన కార్డులు కావాలంటే విజయవాడ వెళ్లండి. ఇక్కడ అవి చేయరు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా తెలుగు చెబుతున్నాను. అక్షరం విరిగితే నాకు అన్నం సహించదు. అలాంటిది మా పెద్దమ్మాయి పెళ్లికి మొదట వేరే చోట ఆర్డర్ ఇచ్చి దెబ్బతిన్నాం. ఎక్కడన్నది ఇక్కడ అనవసరం. మ్యాటరంతా నేనే ఫోన్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపాను. మూడో రోజు కార్డు చేతికొచ్చింది. అందులో ‘జ్యేష్ఠ పుత్రిక’ కాస్తా ‘జ్‌యేష్‌ఠ పుత్రిక’ అయింది. ‘ఆహ్వానం’ కాస్తా ‘ఆహ్‌వానం’ అయింది. వత్తులన్నీ కింద ఉండాల్సినవి పైకొచ్చి, పొల్లులు తగిలించుకుని వరసగా నిలబడ్డాయి. అడిగితే ‘మీ ఫోన్‌లో బాగానే ఉంది మేడమ్, మా సిస్టమ్‌లో అలా వస్తోంది’ అన్నారు. అప్పటికే వంద కార్డులు వేసేశారు. ఇచ్చిన రెండు వేల అడ్వాన్సు పోయింది. పెళ్లి ఇంక ఐదు వారాలే ఉంది. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర లేదు.

మా స్కూల్లో లెక్కల మాస్టారు ఈ ప్రెస్సు సంగతి చెప్పారు.

లోపలికి వెళితే రెండు గదులు. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు. అది కొడుకు చూసుకుంటాడు. వెనక గదిలో ట్రెడిల్ మిషను, గోడ పొడుగునా టైపు కేసులు, అంటే సీసపు అక్షరాలు పోసి ఉంచే అరల పెట్టెలు. అది పెద్దాయనది. డెబ్బై దాటాయి. అక్షరాలు కూర్చే కంపోజిటర్‌గా పన్నెండో ఏట చేరారట. అందరూ బాబాయిగారనే పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలిచాను. పాడైన కార్డు చూపించాను. కళ్లజోడు పైకి జరిపి, కార్డును ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసి, ‘అయ్యో, జ ఇక్కడ, య అక్కడ. దేనిదారి దానిదే అయిపోయిందమ్మా’ అన్నారు. మనిషికి దెబ్బ తగిలితే ఎలా బాధపడతారో అలా అన్నారు. ఆ మాట విన్నాక ఇంక వేరే చోటికి వెళ్లాలనిపించలేదు.

ఏం జరిగి ఉంటుందో కొడుకు కూర్చోబెట్టి చెప్పాడు. ఫోన్‌లో మనం కొట్టేది యూనికోడ్, అంటే అక్షరాలకు నంబర్లిచ్చే పద్ధతి. 1991లో మొదటి యూనికోడ్ వచ్చినప్పుడే తెలుగుకూ అందులో చోటు దొరికింది. ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ విడివిడిగా నంబర్లున్నాయి. ‘జ్యేష్ఠ’ అంటే ఫోన్‌కు ఏడు నంబర్లు: జ, పొల్లు, య, ఏత్వం, ష, పొల్లు, ఠ. ఆ ఏడింటినీ చదివి, యను వత్తుగా మార్చి, ఏత్వాన్ని జ మీదికి ఎక్కించి, ఠను ష కిందకు దించి చూపించే పని వేరే ప్రోగ్రామ్‌ది. ఆ పని తెలియని పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఏడూ ఏడు ముక్కలుగానే నిలబడతాయి. మరి ఇన్నేళ్లూ డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద చేసే కూర్పులో, తెలుగు ఎలా వచ్చిందంటే, అను ఫాంట్ల వంటి వాటిలో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నారు. తలకట్టు ఒక మీట, వత్తు ఒక మీట. ఆపరేటర్ చేత్తో పేర్చినట్టే పేరుస్తాడు. కాగితం మీద అందంగా వస్తుంది, కానీ ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయిన సంగతి కూడా గుర్తుచేశాడు. ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మన వత్తులు అంత సున్నితమైన పని అడుగుతాయి. కాబట్టి ఈ అబ్బాయి వాట్సాప్ మ్యాటర్‌ను నేరుగా అతికించడు. తన ఫాంట్‌లోకి మార్చుకుని, మార్చిన ప్రతి మాటా మళ్లీ చదువుతాడు.

నేను మాత్రం వెనక గది వైపే చూస్తున్నాను. ‘సీసంతో వేస్తారా బాబాయిగారూ’ అని అడిగాను. ‘నాలుగు రోజులు ఆగగలిగితే వేస్తానమ్మా’ అన్నారు.

కూర్చడం మొదలుపెట్టిన రోజు సాయంత్రం స్కూలు వదిలాక వెళ్లి గంటన్నర కూర్చున్నాను. ఎడమ చేతిలో అక్షరాలు వరసగా పేర్చుకునే ఇనప స్టిక్. కుడి చెయ్యి చూడకుండానే అరల్లోకి వెళుతుంది. తెలుగు కేసుల్లో అరలు చాలా ఎక్కువ. క, కా, కి, కీ దేనికది వేరే పోత, వత్తులకు వేరే అరలు. నా ఏడు నంబర్ల ‘జ్యేష్ఠ’ ఆయన చేతిలో నాలుగు ముక్కలైంది. జే తీసి పెట్టారు. పక్కన య వత్తు. ష. దాని పక్కన ఠ వత్తు. బొటనవేలితో నొక్కి సరిచేశారు. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి, ఆయన మాత్రం వాటిని గడగడా చదివేస్తున్నారు. ‘ఠ అరలో ఠ ఉంటేనే ఠ పడుతుందమ్మా. వాడిన అక్షరాలు తిరిగి అరల్లో వేసేటప్పుడు ఎవరో డ పారేస్తే డ వస్తుంది. అందుకే నా కేసుల్లో నేనే వేస్తాను’ అన్నారు.

ఒకచోట పని ఆగింది. ‘శ్రీ’లు అయిపోయాయి. పెళ్లి కార్డులో శ్రీలెన్ని ఉంటాయో అంతకుముందు నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. దేవుడికి శ్రీ, తాతలకు శ్రీ, నాయనమ్మలకు శ్రీమతి, ఆహ్వానించేవాళ్లకు, మేనమామలకు, చివర బంధుమిత్రుల అభినందనలతో దాకా. ఆయన దగ్గర ఆ సైజులో ఇరవై రెండే మిగిలాయి. తెలుగు టైపు కొత్తగా పోతపోయించుకునే వీలు లేక ఉన్నవాటితోనే నెట్టుకొస్తున్నారు. అందుకని కార్డు ఎడమ పేజీ కూర్చి, మూడు వందలూ అచ్చు వేసి, ఆ మ్యాటర్ విడదీసి, అవే శ్రీలతో కుడి పేజీ కూర్చారు. నాలుగు రోజులన్నది ఆరు రోజులైంది. తొందరున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

తెలుగు అక్షరం మొదట లోహంలోకి వెళ్లింది మన నేల మీద కాదు. 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె పట్టణంలో, షుల్జ్ అనే మతప్రచారకుడి పుస్తకాల కోసం. తర్వాత బెంగాల్‌లోని సీరాంపూరు, ఆ తర్వాత మద్రాసు. 1854లో వావిళ్ల వారి ముద్రణాలయం వచ్చాక మన కావ్యాలూ శాస్త్రాలూ తాటాకుల కట్టల్లోంచి పుస్తకాల్లోకి వచ్చాయి. ఇదంతా నేను పిల్లలకు పాఠంగా చెప్పిన విషయమే. ఆకు మీద గంటంతో రాసినప్పుడు గుండ్రంగా తిరిగిన అక్షరం, అంత దూరం వెళ్లి సీసమై తిరిగొచ్చి, తెనాలి సందులో ఒక పెద్దాయన వేళ్ల మధ్య కనిపించినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఆ రోజు ఇంటికెళ్లి అమ్మ ట్రంకు పెట్టె తీయించాను. అమ్మా నాన్నల పెళ్లి 1971లో. పసుపు కొసలతో శుభలేఖ, బుక్ పోస్టులో వెళ్లిన కవరు. మూత అంటించకూడదు, అప్పుడే తక్కువ స్టాంపుతో వెళ్లేది. కవరు మీద పిన్ కోడ్ లేదు, అది వచ్చింది 1972 ఆగస్టు 15న. ఊరి పేరు, ‘వయా’ అని పక్క ఊరి పేరు, జిల్లా, అంతే. దాంతోపాటు రెండు గ్రీటింగ్స్ టెలిగ్రాములు కూడా దాచింది. అప్పట్లో పోస్టాఫీసులో శుభాకాంక్షల వాక్యాలు అంకెలు వేసి తయారుగా ఉండేవి. అంకె చెబితే చాలు, అవతలి ఊళ్లో వాక్యమై దిగేది. అమ్మ వాటిని పెళ్లినాటి చీర మడతల్లో పెట్టుకుంది. 2013 జూలైలో టెలిగ్రాములు ఆపేశారని టీవీలో చెప్పిన రోజు ఆ రెండు కాగితాలూ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాయనమ్మ పెళ్లికైతే కార్డే లేదట. మనిషి వెళ్లి గడపకు బొట్టు పెట్టి పిలవడమే.

అమ్మ శుభలేఖ తీసుకెళ్లి బాబాయిగారికి చూపించాను. వెనక్కి తిప్పి వేలితో తడిమారు. యాభై ఏళ్లు దాటినా అక్షరాల ఒత్తు వెనక వైపు తగులుతోంది. ‘కొంచెం ఎక్కువ నొక్కాడు, మంచి కాగితం కాబట్టి ఆగింది’ అన్నారు.

ఇక ట్రెడిల్. మోటారు బిగించారు, కరెంటు పోతే కాలితోనే తొక్కుతారు. పైన గుండ్రటి పళ్లెం మీద సిరా. రోలర్లు ఆ పళ్లెం మీద దొర్లి, కిందికి వచ్చి టైపు మీద సిరా పూసి వెళతాయి. మిషను నోరు తెరిచినప్పుడు కుడి చేత్తో కార్డు పెట్టి, ఎడమ చేత్తో అచ్చయిన కార్డు తీయాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే వేళ్లు నలుగుతాయి. ఆయన ఆ పని చేస్తూ నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడించలేదు.

మా అమ్మాయి ఒక మెలిక పెట్టింది. కల్యాణ మండపానికి దారి చూపించే క్యూఆర్ కోడు కార్డు మీద ఉండాల్సిందే అంది. సీసం టైపులో అదెక్కడ దొరుకుతుంది? కొడుకు కంప్యూటర్‌లో తయారుచేసి, విజయవాడలో బ్లాకు, అంటే ఆ బొమ్మ అచ్చు వేసే పలక, చేయించుకొచ్చాడు. మొదటి పది కార్డుల్లో సిరా ఎక్కువై చిన్న చిన్న గళ్లు పూడుకుపోయాయి. ఫోన్ పెడితే ఏమీ రాలేదు. పెద్దాయన రోలర్లు తుడిచి, సిరా తగ్గించి, కార్డు వెనక పలచటి కాగితం సర్ది మళ్లీ వేశారు. ఈసారి ఫోన్ పెట్టగానే మ్యాప్ తెరుచుకుంది. ఆయనకు ఆ గళ్లలో ఏముందో తెలియదు, కానీ ‘ఏ గడి పూడినా అక్షరం పోయినట్టేగా’ అన్నారు.

ప్రూఫు చూసే పద్ధతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దాయన పైకి చదువుతారు, కొడుకు నా చేతిరాత కాగితం పట్టుకుని చూస్తాడు. మాటలు కాదు, అక్షరాలు చదువుతారు. ‘జకు యవత్తు ఏత్వం, షకు ఠవత్తు.’ ముహూర్తం రాత్రి గం. 2.14 నిమిషాలకు. ఆ అంకెలను మూడుసార్లు చదివారు. తేదీ మారే వేళ కాబట్టి ‘తెల్లవారితే ఏ వారం’ అని బ్రాకెట్లో వేయమని సలహా ఇచ్చిందీ ఆయనే. నేను రాసిన ఒక తప్పు కూడా దొరికింది. మా వియ్యంకుల ఇంటిపేరులో దీర్ఘం వదిలేశాను. వాళ్ల నిశ్చితార్థం కార్డు తెప్పించి పోల్చబట్టి తెలిసింది. ఇంత జాగ్రత్త పత్రికాఫీసుల్లో ఉండేదని వినేదాన్ని, మా అమ్మాయి పెళ్లి కార్డు మ్యాటర్‌కు జరుగుతుందనుకోలేదు.

వాట్సాప్ కార్డు కూడా ఇక్కడే చేయించాం. అచ్చు కార్డునే స్కాన్ చేసి బొమ్మగా ఇచ్చాడు. దానితోపాటు మొత్తం మ్యాటర్‌ను యూనికోడ్‌లో మామూలు మెసేజ్‌గా కూడా ఇచ్చాడు. రెండెందుకని అడిగాను. ‘బొమ్మలో అక్షరాలను ఫోన్ ఎప్పుడూ సరిగ్గా చదువుతుందని చెప్పలేం టీచర్‌గారూ. చూపు లేనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు ఈ మెసేజ్ పంపండి, ఫోనే చదివి వినిపిస్తుంది’ అన్నాడు. మా పెద మేనమామకు పదేళ్లుగా చూపు లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు శుభలేఖ చదివి వినిపించాల్సిందే. ఈసారి గుంటూరులో తన గదిలో ఒక్కడే కూర్చుని, ఫోన్ చదువుతుంటే, తన పేరు ముందు శ్రీ దగ్గర్నుంచి మొత్తం విన్నాడు. నాలుగుసార్లు పెట్టుకుని విన్నానని ఫోన్ చేసి చెప్పాడు. అప్పటిదాకా సీసం అచ్చే గొప్పదని నా మనసులో ఉండేది. మామయ్య గొంతు విన్నాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. కూర్చినవాడికి అక్షరం మీద ప్రేమ ఉంటే అది సీసంలో వచ్చినా ఫోన్‌లో వచ్చినా నిండుగానే వస్తుంది.

ఖర్చు విషయానికొస్తే, శివకాశి నుంచి వచ్చే ఖాళీ కార్డు ఒక్కోటి పద్నాలుగు రూపాయలు పడింది. మూడు వందల కార్డులకు కూర్పు, అచ్చు కలిపి మూడు వేల రెండు వందలు తీసుకున్నారు. బ్లాకుకు వేరే ఆరు వందలు. వాట్సాప్ కార్డుకు డబ్బులు అడగలేదు, నేనే ఇచ్చాను. ఆఫ్‌సెట్‌తో పోలిస్తే ఎక్కువే. ఐదొందలకు మించి కార్డులు కావాలంటే వాళ్లే ఆఫ్‌సెట్‌కు వెళ్లమంటారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్ ఎత్తరు, వెళ్లి మాట్లాడాల్సిందే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపు వేసి ఉంటుంది. సందులోకి కారు రాదు. ఒకటే రంగు వేస్తారు, రెండో రంగు కావాలంటే ఇంకో రోజు పడుతుంది. మాఘమాసం, శ్రావణమాసం ముహూర్తాలకైతే నెలా పదిహేను రోజుల ముందే వెళ్లండి. ఫోన్‌లో టైపు చేసినా సరే, చేత్తో రాసిన కాగితం కూడా తీసుకెళ్లండి, దాంతోనే ప్రూఫు చూస్తారు.

కార్డులు తీసుకోవడానికి వెళ్లిన రోజు మా కుడి పేజీ ఇంకా మిషను పక్కన బల్ల మీదే ఉంది. బాబాయిగారు కిరసనాయిలు గుడ్డతో టైపు తుడుస్తున్నారు. పిడపర్రు నుంచి వచ్చిన దంపతులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, వాళ్లబ్బాయి పెళ్లట. ఆయన మా మ్యాటర్ తాడు విప్పి, ముందుగా శ్రీలన్నీ ఏరి, అరలో వేయకుండా నేరుగా వాళ్ల స్టిక్ పక్కన పెట్టుకున్నారు.