సిడ్నీకి వెంటనే వెళ్లడమా, టీకాల దాకా ఆగడమా?

2021లో కొవిడ్ ఆంక్షలతో హైదరాబాద్‌లో చిక్కుకుపోయిన ఆస్ట్రేలియా తెలుగువారిని వేధించిన ప్రశ్న ఇది. ఆస్ట్రేలియాలో కొవిడ్ టీకాలు ఫిబ్రవరిలో మొదలైనా నత్తనడకే. మార్చి చివరికి 40 లక్షల డోసులన్న లక్ష్యం అందనే లేదు.

ఖర్చు: అప్పట్లో వెళితే హోటల్ క్వారంటైన్‌కు పెద్దవారు ఒక్కరికి 3,000 ఆస్ట్రేలియా డాలర్లు, టికెట్ అదనం. ఆగితే అది మిగులుతుంది, కానీ అక్కడి ఇంటి అద్దె ఆగదుగా!

శ్రమ: వెళితే తెరుచుకోని కిటికీ, గుమ్మం బయట పెట్టి వెళ్లే భోజనం సంచి, 14 రోజులు. పసిపిల్లలుంటే అవి 40 రోజుల పెట్టు. ఆగితే ఎదురుచూపు ఒక్కటే.

రిస్కు: ఇదే అసలు తలనొప్పి. మే 3 నుంచి 15 దాకా, భారత్‌లో ఉన్న సొంత పౌరులనే ఆస్ట్రేలియా రానివ్వలేదు. పైగా జైలు శిక్ష హెచ్చరిక! ఆగినవారికి వేరే చిక్కు. హైదరాబాద్‌లో పుట్టిన కొవాగ్జిన్‌కు అక్కడ గుర్తింపు నవంబర్ 1న గాని రాలేదు. టీకా వేసుకున్న పౌరులకు సిడ్నీలో క్వారంటైన్ ఎత్తేసిందీ ఆ రోజే.

అప్పట్లో, అక్కడ ఉద్యోగం ఊగిసలాడుతున్నా, బిడ్డ ఎదురుచూస్తున్నా వెళ్లడమే మేలు. ఇంటి నుంచి పని చేసుకోగలిగి, ఇక్కడ అమ్మానాన్నలకు తోడు అవసరమైతే ఆగడమే నయం. విద్యార్థి వీసాదారుల్లో చాలామందికి ఈ ఎంపికే లేదు, ఆ ఏడాది డిసెంబర్ 15 దాకా తలుపు మూసే ఉంది.