గండికోట దారిలో లాంగ్ రన్: పరిగెత్తేవాళ్ల కంటితో కర్నూలు నుంచి కడప దాకా

పరుగు అలవాటున్నవాళ్లు లాడ్జికి ఫోన్ చేస్తే మొదట అడిగేది, పొద్దున నాలుగున్నరకు గేటు తీస్తారా అని. తర్వాత, అంత పొద్దున్నే బాత్రూంలో నీళ్లు వస్తాయా, తిరిగొచ్చి స్నానం చేసి టిఫిన్ తినేదాకా గది ఉంచుకోనిస్తారా అని. డిసెంబరు చివర్లో మా రన్నింగ్ గ్రూపు కర్నూలు నుంచి కడప దాకా వెళ్లింది. ఏ చోటు ఎలా ఉందో ఆ లెక్కలోనే రాస్తున్నా.

మాలో ఎవరూ పెద్ద అథ్లెట్లు కారు. అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం చేసే అన్న, కడపలో గవర్నమెంటు స్కూలు టీచరక్క, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన పెద్దాయన, కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్న ప్రొద్దుటూరు తమ్ముడు, కర్నూలు నుంచి నేను, ఇంకొందరు. ఎవరి ఊళ్లో వాళ్లం పరిగెత్తి, ఆరోజు సంగతి మిగతావాళ్లకు చెప్పుకుంటాం. "5 కి.మీ. ఎదురుగాలి. మోకాలు ఇబ్బంది పెట్టలేదు." చాలా రోజులు అంతే ఉంటుంది. కానీ ఒకరు రెండు రోజులు కనబడకపోతే "ఏమప్పా, ఒంట్లో బాగుందా?" అని ఫోన్ వెళ్తుంది. ఆ ఒక్క ఫోన్ మమ్మల్ని మంచం మీంచి లేపినంతగా ఏ ఖరీదైన వాచీ లేపలేదు.

ఈ ప్రయాణానికి కారణం అనంతపురం అన్న. జనవరి మూడో ఆదివారం ముంబైలో ఫుల్ మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు, మొదటిసారి పరిగెత్తబోతున్నాడు. రేసుకు మూడు వారాల ముందు ఆఖరి లాంగ్ రన్, అంటే తయారీలో భాగంగా చేసే దూరపు పరుగు, చేసి, అక్కణ్నుంచి దూరం తగ్గించుకుంటూ వస్తారు. అంతవరకూ ఆయన లాంగ్ రన్‌లన్నీ హైవే పక్కన లారీల మధ్య ఒంటరిగానే చేసుకున్నాడు. ఆఖరిదైనా ఒక్కడే చేయకూడదని టీచరక్క పట్టుబట్టింది. గండికోట నుంచి జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్లు. పోయి వస్తే 30. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు, అంటే కాళ్లు అలసిపోయాక, ఎక్కుడు. ముంబైలో పెద్దర్ రోడ్డు ఎక్కుడు కూడా రెండో సగంలోనే వస్తుంది. అందుకే ఆ దారిని ఎంచుకున్నాం.

అందరం కర్నూల్లో కలిశాం. బస్టాండు దగ్గర దిగిన లాడ్జిలో గదులు శుభ్రంగా ఉన్నాయి, దుప్పట్లు ఉతికినవే వేశారు. కానీ రాత్రి ఫోన్లో "తీస్తాం సార్" అన్న గేటుకు పొద్దున తాళం ఉంది, తాళంచెవి ఉన్నతను లేడు. లేపి తీయించేసరికి ముప్పావుగంట పోయింది. చల్లటి పొద్దులో ఆ ముప్పావుగంట ఎంత విలువైనదో పరిగెత్తేవాళ్లకు తెలుస్తుంది. రాత్రే కిందికి దిగి, గేటు తీసే మనిషితోనే నేరుగా మాట్లాడి, అతని నంబరు తీసుకోవడం మంచిది.

కర్నూల్లో నాకిష్టమైన దారి కొండారెడ్డి బురుజు మీదుగా తుంగభద్ర వైపు వెళ్లేది. ఆరు దాటితే ఆటోలు మొదలవుతాయి కాబట్టి పెందలాడే పూర్తి చేసుకోవాలి. పేస్, అంటే కిలోమీటరుకు ఎంత టైము పడుతోందో, చూసుకుంటూ పరిగెత్తాలంటే అవుట్‌డోర్ స్టేడియం నయం. సెలక్షన్లకు తయారయ్యే పిల్లలు చీకటితోనే వచ్చి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తుంటారు. వాళ్లలో కొందరికి బూట్లు కూడా సరిగ్గా లేవు, అయినా వాళ్ల పక్కన పరిగెడితే మన కాళ్లూ వాటంతటవే వేగం అందుకుంటాయి. మా ప్రొద్దుటూరు తమ్ముడు ఆ పిల్లలతో కలిసిపోయి, ఆఖరి రౌండులో వెనకబడిన ఒకబ్బాయి పక్కనే "చేతులు ఊపు, చేతులు ఊపు" అంటూ చివరిదాకా పరిగెత్తాడు. టిఫిన్‌కు ఉగ్గాని. నానబెట్టిన బొరుగులు పరుగు తర్వాత కడుపుకు తేలిగ్గా ఉంటాయి. పక్కనే వేడి మిరపకాయ బజ్జీలు వేస్తుంటే వద్దనడం కష్టమే, కానీ మర్నాడు లాంగ్ రన్ ఉన్నవాళ్లు ఒకదానితో ఆపాలి.

నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాతివనాల దగ్గర ఫొటోల కోసం ఆగాం. చూడ్డానికి అద్భుతం, పరుగుకు మాత్రం పనికిరాదు. మెట్లూ మలుపులూ ఎక్కువ, జనమూ ఎక్కువే.

బెలుం గుహల గురించి ఒక్క సలహా. మొత్తం 3,229 మీటర్ల పొడవైన గుహలు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు దాకా మనల్ని వెళ్లనిస్తారు. పాతాళగంగ అనే చోటు నేలమట్టానికి 46 మీటర్ల లోతున ఉంటుంది. లోపల ఉక్కపోత, మెట్లు. మా వాళ్లలో కొందరు లాంగ్ రన్ అయ్యాక తీరిగ్గా చూద్దామన్నారు. టీచరక్క ఒప్పుకోలేదు, ముందే చూసేయాలంది. ఆమె మాటే సరైనది. దిగుడు దారిలో పరిగెత్తినప్పుడు తొడ కండరాలు శరీరాన్ని పట్టి ఆపుతూ సాగుతాయి. నొప్పి అప్పుడు తెలియదు, మర్నాడు, ఆ మర్నాడు బయటపడుతుంది. ఆ కాళ్లతో గుహ మెట్లు దిగడం నరకం.

గండికోటలో బసకు మాకు మూడు దారులు కనబడ్డాయి. కోట బయట ఏపీ టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. ప్రైవేటు వాళ్ల టెంట్లున్నాయి. లేదా జమ్మలమడుగులో లాడ్జి. మేం కొందరం హరితలో, గదులు దొరకనివాళ్లం టెంట్లలో దిగాం. సంవత్సరాంతం కదా, టెంట్ల దగ్గర రాత్రి పన్నెండు దాటేదాకా స్పీకర్లు మోగాయి. నిర్వాహకుడితో మాట్లాడితే పది నిమిషాలు తగ్గించి మళ్లీ పెంచాడు. మూడున్నరకు లేవాల్సిన మనిషికి అది నిద్ర కాదు. బాత్రూంలు కూడా అందరికీ కలిపి రెండే. మామూలు వారాల్లో, స్నేహితులతో నక్షత్రాలు చూడ్డానికి టెంటు బాగుండొచ్చు. రేసుకు తయారయ్యేవాళ్లకు నాలుగు గోడలూ ఒక తలుపూ కావాలి. ఆ రాత్రి పదకొండుకు హరితలో ఉన్నవాళ్లు వచ్చి, అనంతపురం అన్నను తమ గదికి తీసుకుపోయారు. మంచం ఆయనకిచ్చి ప్రొద్దుటూరు తమ్ముడు కింద దుప్పటి పరుచుకున్నాడు. సెలవుల్లో వెళ్లేవాళ్లు హరిత గదులు బాగా ముందుగా బుక్ చేసుకోండి. దొరక్కపోతే టెంటు కన్నా జమ్మలమడుగు లాడ్జే నయమని నా అభిప్రాయం. కింది నుంచి పైకి పరిగెత్తి వెనక్కి రావచ్చు, ఎక్కుడు మొదట్లోనే అయిపోతుంది.

పరుగు మొదలయ్యే వేళకు ఎక్కడా వంటగది తెరవరు. అరటిపండ్లు, ఖర్జూరాలు, శెనక్కాయ చిక్కీలు ముందురోజే కొనుక్కున్నాం. రిటైరైన పెద్దాయన ఆరోజు పరిగెత్తలేదు. కారు నడుపుతానని తనే అన్నాడు. నాలుగు కిలోమీటర్లకొకచోట కారు ఆపి, బానెట్ మీద గ్లాసులు వరసగా పెట్టి, ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో ఓఆర్ఎస్ పోసి నిలబడేవాడు. గంటలకొద్దీ చెమట పట్టేటప్పుడు ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం తగ్గి ప్రాణం మీదికొస్తుంది. దాహానికి తగ్గట్టు తాగుతూ, మధ్యమధ్య ఉప్పు కూడా అందేలా చూసుకోవాలి. ఎవరు ఏది తాగారో పెద్దాయన ఒక పాత టికెట్ల పుస్తకం వెనక పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాడు. నేను రెండుసార్లు నీళ్లే తీసుకుంటే మూడోసారి గ్లాసు వెనక్కి లాక్కుని ఓఆర్ఎస్ చేతికిచ్చాడు.

దారి చాలా బాగుంది. చీకట్లో తలకు లైట్లు కట్టుకుని దిగాం, వాహనాలు ఒకటీ అరా. తెల్లారేసరికి జమ్మలమడుగు వైపు నల్లరేగడి పొలాల్లో శనగ చేలు పచ్చగా కనబడ్డాయి. టీ అంగడి దగ్గర వెనక్కి తిరిగాం. టీ పోసే ఆయన "కొండ మీంచి పరిగెత్తుకుంటా వచ్చినారా? మళ్లీ పరిగెత్తే పోతారా?" అని అడిగి, డబ్బులు తీసుకోకుండా బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టాడు.

కష్టమంతా ఆఖరి ఐదారు కిలోమీటర్లలోనే. ఎండ ఎక్కింది, రోడ్డు లేచింది. అనంతపురం అన్న నడక మొదలుపెట్టి, కాసేపటికి రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. "అక్కా, ముంబైలో నావల్ల కాదు. ఇక్కడే ఆగిపోతే అక్కడ నలభై రెండు ఏం పరిగెత్తుతా?" అన్నాడు. టీచరక్క పక్కన నిలబడింది. ఆమె ఆగస్టులో హైదరాబాద్‌లో తన మొదటి హాఫ్ మారథాన్, 21 కిలోమీటర్లు, పూర్తి చేసింది. ఆ దారిలో ఫ్లైఓవర్లు ఎన్నో, ప్రతిదీ కొండే. "ఫ్లైఓవర్ మీద నేనూ ఇదే మాటన్నా. అప్పుడు నువ్వేం చెప్పినావు? నూరు అడుగులు పరిగెత్తు, నూరు అడుగులు నడువు అన్నావు. లెయ్ అన్నా, లెక్క నేను పెడతా" అంది. లేచాడు. ఆమె పైకే లెక్కపెడుతూ పోయింది, వెనక మేమూ గొంతు కలిపాం. పైకి చేరబోతుండగా, అందరికన్నా ముందు పరుగు ముగించిన ప్రొద్దుటూరు తమ్ముడు మళ్లీ కిందికి దిగొచ్చి, ఆఖరి కిలోమీటరు అన్న పక్కనే పరిగెత్తాడు. టైమ్ ఎంతని అప్పుడెవరూ అడగలేదు.

కోట లోపల పరిగెత్తొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దనే చెబుతా, ముఖ్యంగా చీకట్లో. పెన్న లోయ అంచున రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, చాలాచోట్ల అడ్డుకట్ట లేదు. ఎండ వచ్చాక నడిచి చూడండి. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ దగ్గర దగ్గరే, అలిసిన కాళ్లకు ఆ నడక మంచిది కూడా. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకే వచ్చాడు. ఆ కాలంలో ఈ కొండ ఎక్కడం ఎంత కష్టమో మాకు ఆరోజు బాగా అర్థమైంది. మధ్యాహ్నం ఊళ్లో ఒకమ్మ ముందు చెప్పి ఉంచినందుకు రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి పచ్చడి వండిపెట్టింది. ఈ ప్రయాణం మొత్తానికీ ఉత్తమ భోజనం అదే. చాలవేమోనని మళ్లీ పొయ్యి మీద ఎసరు పెట్టింది కూడా.

కడపలో ఏడురోడ్ల దగ్గర హోటల్లో దిగాం. రిసెప్షన్‌లో కూర్చున్న అబ్బాయి మా బూట్లు చూసి తనే అడిగాడు: "పొద్దున్నే పోతారా సార్? నేనే ఉంటా, తలుపు కొట్టక్కర్లేదు." తడి బట్టలు ఆరేసుకోవడానికి మేడ మీద తాడు చూపించాడు. చెకౌట్ ఒక గంట పొడిగించి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. గదులు ఇరుకే. అయినా మళ్లీ కడప వెళ్తే అక్కడే దిగుతాం.

అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తున ఉంటే కడప 138 మీటర్లే, చుట్టూ కొండలు. ఎండాకాలంలో రాత్రి కూడా వేడి దిగని ఊరు. డిసెంబరు, జనవరి మాత్రం పరుగుకు బ్రహ్మాండం. మర్నాడు దేవుని కడప చెరువు వైపు మెల్లగా, మాట్లాడుకుంటూ పరిగెత్తాం. అందరి తొడలూ పట్టేశాయి, ఎవరూ వేగం మాటెత్తలేదు. ఆ తర్వాత కారం దోశ. ఎర్రకారం, పైన పప్పుల పొడి, పక్కన శెనక్కాయ చట్నీ. ఒక్కటి తిని లేచినవాళ్లెవరూ లేరు.

జనవరిలో ముంబై నుంచి అన్న పంపిన ఫొటోలో మెడలో మెడల్, చేతిలో చిరిగిన బిబ్, అదే రేసు నంబరు కాగితం. 4 గంటల 51 నిమిషాలు. పెద్దర్ రోడ్డు ఎక్కుడులో నూరు అడుగుల లెక్కే పెట్టుకున్నానని రాశాడు. పెద్దాయన ఆ ఫొటో ప్రింటు తీయించి ఇంట్లో పెట్టుకున్నాడు. టీచరక్క ఈసారి ఆగస్టులో హైదరాబాద్ ఫుల్‌కు పేరిస్తానంది. అన్న తన ట్రైనింగ్ ప్లాన్‌ను ఆమె స్కూలు టైముకు తగ్గట్టు మార్చి పంపించాడు. ఎండల్లో గండికోట కుదరదు కాబట్టి లాంగ్ రన్‌లకు 1,200 మీటర్లకు పైగా ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ చూస్తున్నాం. మదనపల్లె వైపు బస సంగతి కనుక్కునే పని ప్రొద్దుటూరు తమ్ముడు తీసుకున్నాడు.